అవయవ దానం: ఇంట్లో ముందే మాట్లాడుకోవలసిన మాట

ఈ నెల ఆరోగ్య పాఠానికి అవయవ దానం అనే అంశాన్ని తీసుకున్నాము. ఈ మాట వినని వారు మనలో లేరు. కాని ఓపీలోను, వార్డుల్లోను మమ్మల్ని అడిగే ప్రశ్నలు చూస్తుంటే విన్నవారు ఎక్కువ, తెలిసినవారు తక్కువ అనిపిస్తుంది. అందుకే కొంచెం నిదానంగా, మొదటి నుంచీ చెప్పుకుందాం.

2025 జనవరి 17 రాత్రి ఎల్బీనగర్‌లో బయలుదేరిన ఒక మెట్రో రైలు మధ్యలో ఎక్కడా ఆగకుండా లకడీకాపూల్ చేరింది. 13 కిలోమీటర్లు, 13 నిమిషాలు. మన బషీర్‌బాగ్‌కు దగ్గర్లోని అసెంబ్లీ స్టేషన్ మీదుగానే వెళ్ళింది. అందులో ఒక పెట్టె, పెట్టెలో ఐసు మధ్య ఒక గుండె, దాన్ని పట్టుకుని డాక్టర్లు. అంతకు ముందు 2021 ఫిబ్రవరి 2న కూడా ఇలాగే నాగోల్ నుంచి జూబ్లీహిల్స్‌కు 21 కిలోమీటర్ల దూరం అరగంట లోపల ఒక గుండెను మెట్రోలో తీసుకువెళ్ళారు. మెట్రో లేని దారుల్లో పోలీసులు ట్రాఫిక్ ఆపి అంబులెన్సుకు దారి ఇస్తారు. పేపర్లలో దానినే గ్రీన్ ఛానల్ అని రాస్తున్నారు.

ఇంత తొందర ఎందుకంటే, శరీరం నుంచి బయటకు తీసిన గుండె నాలుగు గంటల లోపల, మహా అయితే ఆరు గంటల లోపల మరొకరి ఛాతీలో కొట్టుకోవటం మొదలుపెట్టాలి. ఊపిరితిత్తులకూ ఇంచుమించు అంతే సమయం ఉంటుంది. కాలేయం పది పన్నెండు గంటల వరకు ఆగుతుంది. కిడ్నీలు ఒక రోజు పాటు ఆగగలవు.

ఈ పరుగంతా టీవీల్లో చూస్తాము. అయితే ఆ పరుగుకు కొన్ని గంటల ముందు, ఐసియు బయట బెంచీ మీద కూర్చుని ఒక కుటుంబం “సరే” అన్నది. ఆ ఒక్క మాట అనేసరికి వారికి ఎంత కష్టమైందో ఏ కెమెరా చూపించదు. మా పాఠమంతా ఆ బెంచీ గురించే.

ఇవ్వాలని ఉండీ ఇవ్వలేకపోయిన వెంకటేశ్

మన ఊరి కథ ఒకటి గుర్తు చేసుకుందాం. హైదరాబాద్‌లో కొలవెన్ను వెంకటేశ్ అనే చదరంగం ఆటగాడు ఉండేవాడు. కండరాలు క్రమంగా క్షీణించిపోయే డ్యుషేన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ అనే జబ్బుతో పుట్టాడు. ఈ జబ్బులో మొదట నడక పోతుంది, తరువాత చేతులు, చివరకు ఊపిరి పీల్చే కండరాలు కూడా పనిచేయవు. 2004లో, 25 ఏళ్ళ వయసులో, వెంటిలేటర్ మీద ఉండి ఆ యువకుడు ఒక కోరిక కోరాడు. తాను ఎలాగూ బ్రతకడు గనుక, అవయవాలు పాడుకాక ముందే వాటిని తీసి ఇతరులకు ఇవ్వాలని. కొడుకు కోరిక తీర్చటానికి ఆయన తల్లి హైకోర్టు మెట్లెక్కింది. ఏ తల్లికీ రాకూడని అవసరం అది.

హైకోర్టు ఒప్పుకోలేదు. మన రాష్ట్రంలో 1995లో చేసిన అవయవ మార్పిడి చట్టం ప్రకారం, మెదడు మరణించిందని నిర్ధారణ అయిన తరువాతే గుండె వంటి అవయవాలు తీయవచ్చు. వెంకటేశ్ మెదడు చక్కగా పనిచేస్తున్నది. ఆలోచిస్తున్నాడు, తన కోరిక తానే చెబుతున్నాడు. ఆ స్థితిలో అవయవాలు తీస్తే చంపినట్లే అవుతుంది. 2004 డిసెంబరులో ఆయన కన్నుమూశాడు. కళ్ళు మాత్రం దానంగా తీసుకోగలిగారు. ఆ తల్లీకొడుకుల కథ మీద 2022లో సలామ్ వెంకీ అనే హిందీ సినిమా కూడా వచ్చింది.

కోర్టు తీర్పు కఠినంగా ఉందని అప్పట్లో చాలామంది బాధపడ్డారు. మాకూ ఆ తల్లి మీద జాలి కలుగుతుంది. అయినా ఆ తీర్పు గీసిన గీత అవసరమైనదే అని మా అభిప్రాయం. ఎవరినీ ఇంకొకరి కోసం చనిపోనివ్వకూడదు, చనిపోయిన వారి నుంచి మాత్రమే తీసుకోవాలి అన్నదే ఆ గీత. అది గట్టిగా ఉంటేనే మీరూ మేమూ భయం లేకుండా దాతలుగా పేరు రాయించుకోగలం.

ఇందులో ఇంకొక సంగతి కూడా ఉంది. వెంకటేశ్‌కు ఇవ్వాలని ఉన్నా చట్టం ప్రకారం కుదరలేదు. ఈ నగరంలోని ఐసియుల్లో ఇవ్వటానికి కుదిరే స్థితిలో ఎంతోమంది ఉంటారు. వారికి ఇవ్వాలని ఉన్నదో లేదో ఇంట్లో ఎవరికీ తెలియదు.

మెదడు మరణం అంటే కోమా కాదు

మమ్మల్ని ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే: “గుండె కొట్టుకుంటున్నది, ఒళ్ళు వెచ్చగా ఉన్నది, పోయాడని ఎట్లా అంటారు డాక్టరుగారూ?”

మెదడు అడుగున, వెన్నుపాము మొదలయ్యే చోట మెదడుకాండం అనే చిన్న భాగం ఉంటుంది. ఊపిరి తీసుకోమని శరీరానికి చెప్పేది అదే. తలకు పెద్ద దెబ్బ తగిలినా, మెదడులో రక్తనాళం చిట్లినా లోపల వాపు వస్తుంది. పుర్రె గట్టి డబ్బా వంటిది, సాగదు. వాపు పెరిగిన కొద్దీ ఒత్తిడి పెరిగి మెదడుకు రక్తం అందటం ఆగిపోతుంది. ఒకసారి మెదడుకాండం చచ్చిపోతే అది తిరిగి బ్రతకదు. అప్పుడు వెంటిలేటర్ ఊపిరి పోస్తుంది గనుక గుండెకు ఆక్సిజన్ అందుతుంది. గుండెకు తనకు తానుగా కొట్టుకునే శక్తి ఉంది గనుక కొంతకాలం కొట్టుకుంటుంది. మానిటర్ మీద గీత పైకీ కిందికీ కదులుతూ ఉంటుంది. ఆ గీతే మనల్ని మోసపుచ్చేది. సాధారణంగా కొన్ని గంటలకో కొన్ని రోజులకో గుండె కూడా ఆగిపోతుంది.

కోమా ఇలా కాదు. కోమాలో ఉన్న మనిషి మెదడు దెబ్బతిన్నదే గాని చనిపోలేదు. చాలామంది తమంతట తామే ఊపిరి తీస్తారు. కొందరు వారాల తరువాత కళ్ళు తెరుస్తారు. కోమాలో ఉన్నవారి నుంచి అవయవాలు తీయరు, తీయకూడదు.

మెదడు మరణాన్ని ఒక్క డాక్టరు చెబితే సరిపోదు. నలుగురు డాక్టర్లు సంతకం చేయాలి: ఆసుపత్రి వైద్య బాధ్యుడు, వైద్యం చేస్తున్న డాక్టరు, మెదడు నరాల నిపుణుడు, వీరితో పాటు ఆమోదం పొందిన జాబితా నుంచి మరొక డాక్టరు. అవయవ మార్పిడి చేసే డాక్టర్లకు ఇందులో చోటు లేదు. పరీక్షలు ఒకసారి చేసి, కనీసం ఆరు గంటలు ఆగి మళ్ళీ చేస్తారు. కంట్లో లైటు వేస్తే కంటిపాప చిన్నది అవుతుందా, నల్లగుడ్డును దూదితో తాకితే రెప్ప కదులుతుందా, చెవిలో చల్లని నీరు పోస్తే కళ్ళు కదులుతాయా, గొంతులో గొట్టం కదిలిస్తే దగ్గు వస్తుందా అని చూస్తారు. చివరిది ముఖ్యమైనది. ఆక్సిజన్ అందిస్తూనే వెంటిలేటర్ తీసి, కొన్ని నిమిషాలు ఛాతీ వైపు చూస్తారు. రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగినప్పుడు, మెదడుకాండంలో ప్రాణం ఉంటే ఒక్క ఊపిరైనా తీసుకోక తప్పదు. అది కూడా లేకపోతేనే నిర్ధారిస్తారు.

“అవయవాల కోసం తొందరగా పోయాడని చెబుతారేమో” అనే భయం చాలామందిలో ఉంది. ఆ భయాన్ని మేము తప్పుపట్టము. ఆసుపత్రి బిల్లు చూసిన తరువాత ఎవరికైనా అనుమానాలు వస్తాయి. మా సలహా ఒక్కటే: అడగండి. రెండుసార్లు పరీక్ష చేశారా, ఎన్ని గంటల తేడాతో చేశారు, ఎవరెవరు సంతకం చేశారు అని అడిగే హక్కు కుటుంబానికి ఉంది. మీకు నమ్మకమైన డాక్టరుతో మాట్లాడి రండి. వద్దని చెప్పే హక్కు కూడా మీదే. వద్దన్న కుటుంబం మీద ఎవరూ కోపగించుకోకూడదు, ఒత్తిడి చేయకూడదు.

సరే అన్న తరువాత

మన రాష్ట్రంలో ఈ పనిని 2013 నుంచి పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రి కేంద్రంగా జీవన్‌దాన్ అనే ప్రభుత్వ పథకం నడుపుతున్నది. రాష్ట్రం విడిపోయిన తరువాత ఆంధ్రప్రదేశ్‌కు వేరే జీవన్‌దాన్ ఏర్పడింది. ఒక్కొక్క అవయవానికి ఎదురుచూసే వారి జాబితా అక్కడ ఉంటుంది. ఎవరి రక్తం గ్రూపు కలుస్తుంది, ఎవరు ముందు నుంచి ఎదురుచూస్తున్నారు, ఎవరి స్థితి విషమంగా ఉంది అని చూసి కేటాయిస్తారు. “మా వాడి గుండె ఫలానా వారికే ఇవ్వండి” అని కుటుంబం కోరటానికి లేదు. ఎవరికి ఇచ్చారో కుటుంబానికి చెప్పరు, ఎవరిచ్చారో తీసుకున్నవారికీ చెప్పరు. ఇది కొందరికి బాధగా ఉంటుంది గాని, రేపు ఒకరి మీద ఒకరికి ఏ ఆశా ఏ బరువూ లేకుండా ఉండటానికే ఈ నియమం.

ఒక్క దాత వల్ల రెండు కిడ్నీలు, కాలేయం, గుండె, రెండు ఊపిరితిత్తులు, క్లోమం, చిన్నపేగు కలిపి ఎనిమిది మంది వరకు బాగుపడవచ్చు. అన్నీ ప్రతిసారీ పనికిరావు. ఇచ్చిన వాటిలో పనికివచ్చేవే తీసుకుంటారు.

ఆపరేషన్ థియేటర్‌లో మామూలు ఆపరేషన్ లాగానే చేసి, కుట్లు వేసి, శుభ్రం చేసి శరీరాన్ని అప్పగిస్తారు. ముఖం మారదు. బట్టలు తొడిగి పెట్టెలో ఉంచితే చూసేవారికి తేడా తెలియదు. కుటుంబం సమ్మతించిన తరువాత అవయవాలను కాపాడటానికి, తీయటానికి అయ్యే ఖర్చు కుటుంబం మీద వేయకూడదు. అంతకు ముందు జరిగిన వైద్యం బిల్లు మాత్రం వేరు. అవయవాలు ఇస్తే పాత బిల్లు మాఫీ అని గాని, ఇంత సొమ్ము ఇస్తామని గాని ఎవరైనా చెవిలో ఊదితే వెంటనే పై వారికి చెప్పండి. అవయవాలు అమ్మటం, కొనటం, మధ్యవర్తిగా ఉండటం అన్నీ జైలుకు పంపే నేరాలే.

రోడ్డు ప్రమాదం అయితే పోలీసు పంచనామా, పోస్ట్‌మార్టం ఉంటాయి గదా అని అడుగుతారు. ఉంటాయి. వారి అనుమతి తీసుకునే అవయవాలు తీస్తారు. అన్నీ కలిపి ఒక్కోసారి ఒకటిన్నర రోజు పడుతుంది. బంధువులు దూరాల నుంచి వచ్చి ఉంటారు, భూస్థాపన సమయం పాస్టరుగారికి చెప్పి ఉంటారు. ఆలస్యం అవుతుందని ముందే తెలిసి ఉంటే ఆ రాత్రి గొడవలు తగ్గుతాయి.

మెదడు మరణాల్లో చాలా భాగం ద్విచక్ర వాహనాల ప్రమాదాలే. కనుక ఈ పాఠం చదివి దాతగా పేరు రాయించుకునే యువకులు ముందు హెల్మెట్ కొనుక్కోవాలని మా మనవి. దాతలు తగ్గినా మాకు ఇష్టమే.

విశ్వాసులు అడిగే ప్రశ్న

“పునరుత్థాన దినాన కళ్ళు లేకుండా, గుండె లేకుండా లేస్తామా?” అని ఒక పెద్దావిడ వార్డులో అడిగితే పక్క మంచం వారు నవ్వారు. నవ్వవలసిన ప్రశ్న కాదు. షుగరు వల్ల కాలు తీసేసిన మన సంఘస్తులు ఎంతమంది లేరు? నారాయణగూడ సమాధుల తోటలో వారిని భూస్థాపన చేసేటప్పుడు, ఈయన కుంటివాడుగా లేస్తాడని ఏ పాస్టరుగారైనా చెప్పారా? అగ్నిలో కాలిపోయిన వారికి, సముద్రంలో పోయిన వారికి ఉన్న నిరీక్షణే దాతకూ ఉంది. భూమిలో పడిన విత్తనానికీ మొలిచిన మొక్కకూ ఒకే రూపం ఉండదని అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు చెప్పిన సంగతి మీకు తెలిసినదే.

2000 ఆగస్టులో రోములో అవయవ మార్పిడి నిపుణుల మహాసభకు వచ్చిన పోపు రెండవ జాన్ పాల్ ఈ దానాన్ని ప్రేమ కార్యంగా మెచ్చుకున్నారు, మెదడు మరణ నిర్ధారణను అంగీకరించారు, అవయవాల వ్యాపారాన్ని ఖండించారు. మన దేశంలో మొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడి 1971లో ఒక మిషను ఆసుపత్రిలోనే, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో జరిగింది. ఇక గుండె సంగతి చెప్పాలంటే, 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలోనే మొదటిసారి విజయవంతంగా గుండె మార్చిన డాక్టర్ పి. వేణుగోపాల్ మన రాజమండ్రి బిడ్డ. అవయవ మార్పిడి చట్టం వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు.

బ్రతికుండగా ఇచ్చేది ఎవరు?

ఇంకొక మాట చెప్పక తప్పదు. బ్రతికి ఉన్నవారు ఒక కిడ్నీని గాని, కాలేయంలో కొంత భాగాన్ని గాని దగ్గరి బంధువుకు ఇవ్వవచ్చు. కాలేయం తిరిగి పెరుగుతుంది, ఒక్క కిడ్నీతో మామూలుగా బ్రతకవచ్చు. మన దేశంలో జరిగే మార్పిడుల్లో అధిక భాగం ఇవే. అయితే ఇలా ఇచ్చేవారిలో అత్యధికులు స్త్రీలు, పొందేవారిలో అత్యధికులు పురుషులు. భార్య భర్తకు ఇస్తుంది, తల్లి కొడుక్కు ఇస్తుంది. ప్రేమతోనే ఇస్తారు, కాదనము. కాని ఇంట్లో కూర్చుని “నువ్వు ఇస్తావు గదమ్మా” అని ఆమె వైపే అందరూ చూస్తే, ఆమె కాదనగలదా? సమ్మతి అడిగే ముందు ఆమెతో ఒంటరిగా మాట్లాడే అవకాశం డాక్టరుకు ఇవ్వండి.

మరణించిన దాతలు పెరిగితేనే ఈ బరువు తగ్గుతుంది. 2024లో తెలంగాణలో 188 కుటుంబాలు ఇలా సమ్మతించాయి. పది లక్షల జనాభాకు దాదాపు ఐదుగురు దాతలన్నమాట. దేశం మొత్తం మీద చూస్తే పది లక్షలకు ఒక్కరు కూడా లేరు. మన రాష్ట్రం ముందున్నదని సంతోషించవచ్చు. కాని వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వచ్చి నాలుగు గంటలు సూది గుచ్చుకుని పడుకునే వారిని రోజూ చూసే మాకు ఆ సంతోషం ఎంతోసేపు నిలవదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఊళ్ళకు ఊళ్ళే కిడ్నీ జబ్బుతో ఎలా నలిగిపోతున్నాయో మీరు చదివే ఉంటారు.

ఇప్పుడు మీరు చేయవలసినది

జీవన్‌దాన్ వెబ్‌సైటులో గాని, కేంద్ర ప్రభుత్వ సంస్థ నోటో వెబ్‌సైటులో ఆధార్ నంబరుతో గాని దాతగా పేరు నమోదు చేసుకోవచ్చు. కార్డు వస్తుంది. మనసు మారితే రద్దు చేసుకోవచ్చు. బీపీ ఉందని, షుగరు ఉందని, వయసు మీరిందని మీకు మీరే తీర్పు చెప్పుకోవద్దు. పనికివస్తాయో లేదో ఆనాడు డాక్టర్లు చూసుకుంటారు.

కాని కార్డు పర్సులో ఉంటే సరిపోదు. కార్డు ఉన్నా కుటుంబం సమ్మతి లేకుండా అవయవాలు తీయరు. ఐసియు బయట బెంచీ మీద కూర్చునేది మీరు కాదు, మీ భార్యో భర్తో, మీ అన్నయ్యో, మీ పిల్లలో. ఆ గంటలో, ఆ దుఃఖంలో, వారు మొదటిసారి ఈ మాట వినకూడదు. 2008లో తమిళనాడులో బైకు ప్రమాదంలో మెదడు మరణించిన 15 ఏళ్ళ కుర్రవాడి అవయవాలను ఇవ్వటానికి అమ్మానాన్నలు ముందుకు వచ్చారు. ఇద్దరూ డాక్టర్లే, మెదడు మరణం అంటే ఏమిటో వారికి తెలుసు. ఆ వార్త తరువాత ఆ రాష్ట్రంలో దాతల సంఖ్య బాగా పెరిగింది. మనందరి ఇళ్ళలో డాక్టర్లు ఉండరు. కనుక ఒక ఆదివారం భోజనాల దగ్గర, అందరూ ఉన్నప్పుడు, “నాకు ఇలా జరిగితే ఇచ్చేయండి” అనో, “నాకు ఇష్టం లేదు” అనో చెప్పేయండి. ఏది చెప్పినా ఇంటివారికి మేలే. అమ్మమ్మ “అపశకునం మాటలు ఎందుకురా” అని కసురుతుంది. కసరనివ్వండి.

ఇక కళ్ళ విషయం. దీనికి మెదడు మరణం అవసరం లేదు. ఇంట్లో మామూలుగా కన్నుమూసిన వారి కళ్ళు కూడా ఆరు గంటల లోపల తీసుకోవచ్చు. కళ్ళజోడు పెట్టుకున్నవారు, శుక్లాల ఆపరేషన్ అయినవారు, షుగరు ఉన్నవారు కూడా ఇవ్వవచ్చు. ఎయిడ్స్, పచ్చకామెర్ల వైరస్, కుక్కకాటు జబ్బు, రక్తమంతా విషమెక్కిన స్థితి ఉన్నవారివి తీసుకోరు. మార్చేది కన్నంతా కాదు, నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొర మాత్రమే. బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో 1989 నుంచి నేత్రనిధి పనిచేస్తున్నది. ఫోను చేస్తే వారే ఇంటికి వస్తారు, పని ఇరవై నిమిషాల్లో అయిపోతుంది.

వారు వచ్చేలోపల ఇంట్లోవారు చేయవలసినవి: రెప్పలు మూయండి. వాటి మీద శుభ్రమైన తడి దూది ఉంచండి. తలపైన ఫ్యాను ఆపండి, ఏసీ ఉంటే వేసి ఉంచండి. తల కింద దిండు పెట్టి కొంచెం ఎత్తులో ఉంచండి. మరణ ధ్రువపత్రం డాక్టరు దగ్గర రాయించి సిద్ధంగా పెట్టుకోండి. సంతకానికి దగ్గరి బంధువు ఒకరు, సాక్షులు ఇద్దరు ఇంట్లో ఉండేటట్లు చూసుకోండి.